ఒక తక్‌పట్టీ తొలగించమంటే చివరి మూడు పోయాయి: ఎక్స్‌ప్రెస్‌లో డిలీట్ అభ్యర్థన గురించి సాయం కావాలి

తోటబాట (నల్లగొండ)

అందరికీ నమస్కారం. నల్లగొండ చుట్టుపక్కల తోటల్లో బత్తాయి కొనే ఒక వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తాను. రైతు కాయ తెస్తే కాంటా వేసి, స్థూల తూకం, తరుగు, నికర తూకం, ధర రాసి తక్‌పట్టీ ఇస్తాం. ఇంతకాలం కార్బన్ కాగితం పెట్టి రాసేవాళ్లం. ఈ సీజన్‌కు నేనే నోడ్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపేది), దాని మీద వెబ్ అప్లికేషన్లు రాసే ఎక్స్‌ప్రెస్ నేర్చుకుని చిన్న వెబ్ అప్లికేషన్ తయారు చేశాను. పట్టీలన్నీ ఒక జేసన్ ఫైలులో (సమాచారాన్ని అక్షరాలుగా దాచే ఫైలు) ఉంటాయి. సర్వర్ మొదలైనప్పుడు వాటిని అర్రేలోకి (జాబితాలోకి) చదువుకుంటుంది, మార్పు జరిగినప్పుడల్లా ఫైలును తిరిగి రాస్తుంది.

నిన్న ఒకే రైతు కాయ 31, 32 నంబర్లతో రెండుసార్లు ఎక్కింది. 32ను తీసేయడానికి బటన్ నొక్కాను. తొలగించినట్లు సందేశం వచ్చింది కానీ పట్టీ జాబితాలో అలాగే ఉంది. ఇంకో రెండుసార్లు నొక్కాను. సాయంత్రం మొత్తాలు కట్టేటప్పుడు చూస్తే 56, 57, 58 నంబర్లు లేవు. ముగ్గురు రైతుల కాయ లెక్కలోనే లేకుండా పోయింది. దడువాయి (తూకం వేసేవాడు) దగ్గర కాగితాలు ఉండబట్టి వాటిని మళ్లీ ఎక్కించగలిగాను. లేకపోతే ఆ ముగ్గురికి ఏమని చెప్పేవాణ్ణి? రాత్రంతా నిద్ర పట్టలేదు.

నేను రాసింది ఇది. దారి /పట్టీలు/:ఐడీ. యాప్.డిలీట్ లోపల, జాబితాలో స్థానం వెతికే ఫైండ్‌ఇండెక్స్‌తో, పట్టీ నంబరు రిక్.పారామ్స్.ఐడీకి (చిరునామాలో వచ్చిన నంబరుకు) మూడు సమానాల గుర్తుతో సరిపోతుందా అని వెతుకుతున్నాను. వచ్చిన స్థానాన్ని స్ప్లైస్‌కు ఇచ్చి ఒక అంశం తీసేస్తున్నాను. ఫైలు రాసి 200 (పని అయిందనే కోడ్) పంపుతున్నాను. వాడకంలో పెట్టేముందు పరీక్షించాను, సరిగ్గా పనిచేసింది. తప్పు ఎక్కడుందో దొరకడం లేదు.

పాలమూరు మర్రి (మహబూబ్‌నగర్)

పరీక్షించినప్పుడు జాబితాలో ఎన్ని పట్టీలు ఉన్నాయి?

తోటబాట (నల్లగొండ)

ఒక్కటే అన్నా. ఒకటి చేర్చి, దాన్నే తొలగించి చూశాను. పోయింది.

పాలమూరు మర్రి (మహబూబ్‌నగర్)

అందుకే తప్పు బయటపడలేదు. చిరునామాలో నుంచి వచ్చేది ఏదైనా ఎక్స్‌ప్రెస్‌కు అక్షరాల వరుసే. మీ రిక్.పారామ్స్.ఐడీలో ఉన్నది సంఖ్య 32 కాదు, "32" అనే రెండు అక్షరాలు. ఫైలులో ఉన్నది సంఖ్య. మూడు సమానాల గుర్తు రకం కూడా చూస్తుంది కాబట్టి అవి ఎప్పటికీ సరిపోవు. ఏ నంబరు పంపినా, ఎన్నిసార్లు పంపినా ఫైండ్‌ఇండెక్స్ ఇచ్చేది మైనస్ ఒకటి.

మైనస్ ఒకటి అంటే దాని భాషలో "దొరకలేదు" అని. స్ప్లైస్‌కు మాత్రం ఆ అర్థం తెలియదు. రుణ సంఖ్య ఇస్తే అది చివరి నుంచి లెక్కపెడుతుంది. మైనస్ ఒకటి నుంచి ఒక అంశం తీయమంటే చివరిదాన్ని తీస్తుంది. మీరు నొక్కిన ప్రతిసారీ దొరకని 32కు బదులు చివరి పట్టీ పోయింది: మొదట 58, తరువాత 57, ఆపైన 56. పరీక్షలో ఉన్న ఒక్క పట్టీ, మొదటిదీ అదే, చివరిదీ అదే. తప్పు దారిలో వెళ్లినా సరైనదే పోయినట్లు కనిపించింది.

రెండో తప్పు మీ సందేశంలో ఉంది. దొరికిందో లేదో చూడకుండానే 200 పంపారు. మీరు మళ్లీ మళ్లీ నొక్కడానికి కారణం అదే. మొదటిసారే "32 దొరకలేదు" అని 404 వచ్చి ఉంటే అక్కడే ఆగేవారు. తొలగింపులో అన్నిటికంటే ముందు రాయవలసింది తొలగించే వాక్యం కాదు, దొరకనప్పుడు వెనక్కి తిరిగే వాక్యం.

తోటబాట (నల్లగొండ)

ఇప్పుడే మీరు చెప్పినట్లు చూశాను. మైనస్ ఒకటే వస్తోంది. ఒక్క రకం తేడా ఇంత పని చేస్తుందని ఊహించలేదు. పార్స్‌ఇంట్ పెట్టి సంఖ్యగా మార్చాను, 32 సరిగ్గా పోయింది. చాలా కృతజ్ఞతలు అన్నా.

వడ్లబస్తా (మిర్యాలగూడ)

పార్స్‌ఇంట్ విషయంలో ఒక్క నిమిషం ఆగండి. అది "32కిలోలు" అన్నా 32 అనే ఇస్తుంది, "32.9" అన్నా 32 అనే ఇస్తుంది. ముందున్న అంకెలు తీసుకుని మిగతాది వదిలేస్తుంది. చదవడానికైతే పోనీలే అనుకోవచ్చు, తొలగించడానికి అది పనికిరాదు. నంబర్ ఫంక్షన్‌తో మార్చినా ఖాళీ అక్షరాల వరుసకు సున్నా వస్తుంది. అందువల్ల మొదటి నుంచి చివరి వరకు అంకెలే ఉన్నాయా అని ముందు చూడండి. లేకపోతే 400 (అభ్యర్థనే తప్పు అనే కోడ్) పంపి వదిలేయండి. సరిపోలినప్పుడే సంఖ్యగా మార్చండి.

ఇంకో మాట. రైస్‌మిల్లులో వడ్ల లారీల లెక్క నేనూ మొదట్లో జేసన్ ఫైలులోనే పెట్టాను. గేటు దగ్గర ఒకరు, ఆఫీసులో ఒకరు ఒకేసారి మార్పులు చేసిన రోజు ఫైలు సగం రాసి ఆగిపోయింది. ఫైలు మొత్తాన్ని తిరిగి రాయడం డబ్బు లెక్కకు సరిపోదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌కు మారండి. అదీ ఒక్క ఫైలే, వేరే సర్వర్ అక్కరలేదు. ఫలానా నంబరున్న వరుసను తొలగించమని చెబితే ఎన్ని వరుసలు మారాయో తిరిగి చెబుతుంది. సున్నా అయితే 404. మైనస్ ఒకటి ముచ్చటే ఉండదు.

మారేటప్పుడు పట్టీ నంబరు కాలమ్‌కు ఆటోఇంక్రిమెంట్ తప్పకుండా పెట్టండి. మామూలు పూర్ణ సంఖ్య ప్రైమరీ కీ (వరుసను గుర్తించే నంబరు) అయితే ఎస్‌క్యూలైట్ ఉన్న వాటిలో పెద్ద నంబరుకు ఒకటి కలిపి తరువాతిది ఇస్తుంది. 58ని తొలగిస్తే రేపు వచ్చే కొత్త రైతుకు మళ్లీ 58 వస్తుంది. ఒకే నంబరుతో రెండు కాగితాలు బజారులో తిరుగుతాయి. ఆటోఇంక్రిమెంట్ ఉంటే వాడిన నంబరును మళ్లీ ఇవ్వదు.

కోట గుమ్మం (గద్వాల)

స్టేటస్ కోడ్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవడం మంచిది. తొలగింపు జరిగి, తిరిగి చెప్పడానికి ఏమీ లేకపోతే 204. వివరం ఏదైనా పంపాలంటే 200. పని ఒప్పుకున్నాం కానీ ఇంకా పూర్తికాలేదంటే 202. హెచ్‌టీటీపీ అర్థాలను చెప్పే ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9110 డిలీట్‌కు ఈ మూడింటినే చెబుతుంది.

204 పంపేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. రెస్.స్టేటస్‌కు 204 ఇచ్చి వదిలేస్తే సమాధానం వెళ్లదు. అది కోడ్ పెడుతుందే తప్ప పంపదు, బ్రౌజర్ ఎదురుచూస్తూ ఉంటుంది. చివర ఎండ్ పిలవాలి, లేదా నేరుగా సెండ్‌స్టేటస్ వాడాలి. రెండోది బ్రౌజర్ వైపు. 204లో కోడ్ వెనుక వివరం ఏమీ ఉండదు కదా, బ్రౌజర్‌లో అభ్యర్థన పంపే ఫెచ్ తరువాత అలవాటుగా జేసన్ చదవమని రాస్తే అక్కడ లోపం వస్తుంది. సర్వర్‌లో పట్టీ పోయి ఉంటుంది, తెర మీద "విఫలం" అని కనిపిస్తుంది. మనిషి మళ్లీ నొక్కుతాడు.

మళ్లీ నొక్కినా నష్టం లేకుండా ఉండడమే డిలీట్ లక్షణం. ఒకసారి పంపినా పదిసార్లు పంపినా సర్వర్ స్థితి ఒకేలా ఉండాలి. తోటబాట గారి మొదటి కోడ్ సరిగ్గా ఆ నియమాన్నే విరిచింది. ప్రతి నొక్కుకూ కొత్త పట్టీ పోయింది.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)

అలాగైతే రెండోసారి నొక్కినప్పుడు 404 పంపడం తప్పు కాదా? మొదటిసారి 204, రెండోసారి 404 అంటే ఫలితం మారినట్లే కదా. రెండుసార్లూ 204 పంపాలని నా అభిప్రాయం. కావలసింది పట్టీ లేకుండా పోవడం. అది లేదు. పని అయినట్లే.

కోట గుమ్మం (గద్వాల)

నియమం సర్వర్‌లో మిగిలే స్థితి గురించి, సమాధానంలోని కోడ్ గురించి కాదు. కోడ్ మారినా నియమం చెడదు. సిగ్నల్ పోతూ వస్తూ ఉండే చోట ఫోను తనంతట తాను మళ్లీ పంపుతుంటే మీరన్నట్లు రెండుసార్లూ 204 పంపడం సుఖం. కానీ ఇక్కడ నొక్కేది మనిషి, పోయేది ఒక రైతు తూకం. 32కు బదులు 332 కొడితే "అయింది" అని చెప్పడం నాకు నచ్చదు. 404 పంపితే తప్పు తెలుస్తుంది. నా ఓటు దానికే.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)

332 ఉదాహరణతో ఒప్పుకుంటున్నాను. నా అప్లికేషన్‌లో నంబరు చేత్తో కొట్టరు, అందుకే అలా ఆలోచించాను.

తోటబాట (నల్లగొండ)

ఎస్‌క్యూలైట్‌కు మారాను. అన్ని పట్టీలు కాగితాలతో సరిచూసి ఎక్కించాను. ఇప్పుడు ఇంకో చిక్కు. బటన్‌ను ఫారంలో పెట్టి, ఫారం మెథడ్ డిలీట్ అని రాశాను. నొక్కితే పేజీ మళ్లీ తెరుచుకుంటోంది, చిరునామా చివర ప్రశ్నార్థకం వస్తోంది, పట్టీ మాత్రం పోవడం లేదు. ప్రస్తుతానికి /పట్టీలు/32/తొలగించు అనే మామూలు లింకు పెట్టి, యాప్.గెట్‌లో తొలగింపు రాశాను. పనిచేస్తోంది. ఇలా ఉంచవచ్చా?

పాలమూరు మర్రి (మహబూబ్‌నగర్)

ఉంచకండి. ఈ రాత్రే తీసేయండి.

గెట్ అంటే చూపించమని అడగడం. దాని వల్ల ఏదీ మారదన్న నమ్మకం మీదే వెబ్ అంతా నడుస్తుంది. లింకును మనిషే నొక్కాలని లేదు. సెర్చ్ యంత్రాలు పేజీలోని లింకులన్నిటినీ అనుసరిస్తాయి. వాట్సాప్‌లో లింకు పెడితే ముందుచూపు చిత్రం కోసం ఆ యాప్ దాన్ని తనే తెరిచి చూస్తుంది. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ వచ్చినప్పుడు ఇదే జరిగింది. పేజీలు వేగంగా తెరుచుకోవాలని అది లింకులను ముందుగానే తెచ్చిపెట్టేది. తొలగింపును లింకుగా పెట్టిన వెబ్‌సైట్లలో వినియోగదారులు నొక్కకుండానే వారి సమాచారం పోయింది. మీ పేజీలో 58 పట్టీలకు 58 లింకులు ఉన్నాయి. ఎవరో ఒక పరికరం అన్నిటినీ ఒకసారి చూసి వెళ్తే చాలు.

ఇక ఫారం సంగతి. హెచ్‌టీఎంఎల్ ఫారానికి గెట్, పోస్ట్ తప్ప డిలీట్ తెలియదు. తెలియని పేరు రాస్తే గెట్‌గా తీసుకుంటుంది. మీరు చూసిన ప్రశ్నార్థకం అదే. దారులు రెండు. బటన్ నొక్కగానే జావాస్క్రిప్ట్‌లో ఫెచ్‌తో డిలీట్ పంపడం ఒకటి. ఫారాన్ని పోస్ట్‌గానే ఉంచి, మెథడ్ ఓవర్‌రైడ్ అనే మిడిల్‌వేర్‌తో (అభ్యర్థన మీద మధ్యలో పనిచేసే కోడ్) సర్వర్‌లో దాన్ని డిలీట్‌గా మార్చడం రెండోది. రెండోదానిలో ఫారం చిరునామా చివర అసలు మెథడ్ పేరును క్వెరీలో పంపుతారు. ఆ మిడిల్‌వేర్‌ను రూట్ల (యాప్.డిలీట్ లాంటి దారుల) కంటే ముందు పెట్టాలి. వెనుక పెడితే అభ్యర్థన పోస్ట్‌గానే రూట్ల దగ్గరికి వెళ్లి ఎవరికీ చిక్కకుండా పోతుంది.

జరీ అంచు (నారాయణపేట)

ఫెచ్ దారి పడితే నేను పడిన గుంతలో మీరు పడకండి తమ్ముడూ. మా ఇంట్లో చీరల నిల్వ లెక్క కోసం రాసుకున్నాను. ఒక చీర తొలగించాక జాబితా పేజీకి పంపాలని సర్వర్‌లో రెస్.రీడైరెక్ట్‌కు /చీరలు అని ఇచ్చాను. చీర పోయింది. వెంటనే "కెనాట్ డిలీట్ /చీరలు" అని 404 వచ్చింది. నేను /చీరలు చూపమన్నాను, అది డిలీట్ చేయలేనని ఎందుకు అంటోందో రెండు రోజులు అర్థం కాలేదు.

విషయం ఏమిటంటే రెస్.రీడైరెక్ట్ ఏమీ చెప్పకపోతే 302 (వేరే చిరునామాకు వెళ్లమనే కోడ్) పంపుతుంది. పోస్ట్‌కు 302 వస్తే బ్రౌజర్ దాన్ని గెట్‌గా మార్చుకుంటుంది. డిలీట్‌కు 302 వస్తే మార్చుకోదు, కొత్త చిరునామాకు కూడా డిలీట్‌నే పంపుతుంది. నిల్వ అంతటినీ ఒకేసారి ఖాళీ చేసే డిలీట్ రూటు /చీరలు మీద రాయాలని అంతకు ముందు వారమే అనుకున్నాను. రాసి ఉంటే ఒక్క చీర తొలగించగానే అన్నీ పోయేవి. తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

303 అని స్పష్టంగా ఇవ్వండి, అప్పుడు గెట్‌గానే వెళ్తుంది. అంతకంటే మేలు, సర్వర్ 204 పంపి ఊరుకోవాలి. ఏ పేజీ చూపాలో బ్రౌజర్‌లోని మీ కోడ్ నిర్ణయించాలి. జాబితా మొత్తం మీద డిలీట్ రూటు మాత్రం ఎప్పుడూ రాయకండి.

తోటబాట (నల్లగొండ)

ధన్యవాదాలు అక్కా. లింకు తీసేశాను, ఫెచ్ పెట్టాను, 204 పంపుతున్నాను. యూట్యూబ్‌లో చూసిన ఒక పాత పాఠంలో యాప్.డెల్ అని ఉంది. అది వేరా?

కోట గుమ్మం (గద్వాల)

వేరు కాదు, పాత పేరు. డిలీట్ అనేది జావాస్క్రిప్ట్ భాషలోనే ప్రత్యేక పదం. ఒకప్పుడు దాన్ని చుక్క తరువాత పేరుగా రాయడానికి వీలు లేదు. 2009లో వచ్చిన ఐదో ప్రమాణం ఆ ఆంక్షను ఎత్తేసింది. ఎక్స్‌ప్రెస్ 4లో డెల్ వాడవద్దన్నారు, 5లో తీసేశారు.

5 అంటే గుర్తొచ్చింది. మీరు 4లోనే ఉండి అసింక్ (ఫలితం కోసం ఆగి సాగే) ఫంక్షన్లు రాస్తుంటే, డేటాబేస్ దగ్గర లోపం వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని నెక్స్ట్‌కు (లోపాన్ని ఎక్స్‌ప్రెస్‌కు చేరవేసే ఫంక్షన్) మీరే అందించాలి. లేకపోతే అభ్యర్థన అలాగే వేలాడుతుంది, కొత్త నోడ్ వెర్షన్లలో సర్వరే పడిపోతుంది. 5 ఆ పని తనే చేస్తుంది.

ఎడమ కాలువ (హాలియా)

ఎవరు తొలగిస్తున్నారన్నది ఇంతవరకు ఎవరూ అడగలేదు. 32ను 33గా మార్చి అభ్యర్థన పంపడానికి పెద్ద చదువు అక్కరలేదు. లాగిన్ పెట్టారా? పెట్టినా సరిపోదు. లాగిన్ ఉన్న మనిషికి ఆ పట్టీ మీద హక్కుందా అన్నది వేరే ప్రశ్న. తొలగించే వాక్యంలోనే పట్టీ నంబరుతో పాటు రాసిన గుమాస్తా నంబరును కూడా షరతుగా పెట్టండి. హక్కు లేకపోతే సున్నా వరుసలు మారతాయి, 404 వెళ్తుంది. ఆ పట్టీ ఉందన్న సంగతి కూడా అవతలి వాడికి తెలియదు. గుమాస్తా నంబరును సెషన్ (సర్వర్ గుర్తుపెట్టుకున్న లాగిన్) నుంచి తీసుకోవాలి, అభ్యర్థనలో పంపిన దాన్ని నమ్మకూడదు.

పాత ఖాతా (దేవరకొండ)

పిల్లలూ, నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి కాదు. ముప్పై ఏళ్లు కమీషన్ దుకాణాల్లో చిట్టా రాశాను. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే మొత్తం చదివాను. నాకు ఒక్కటే అర్థం కాలేదు. రైతు చేతికి వెళ్లిన పట్టీని తొలగించడమేమిటి?

మా రోజుల్లో పద్దు తప్పు పడితే కాగితం చింపేవాళ్లం కాదు, గీకి చెరిపేవాళ్లం కాదు. ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టేవాళ్లం. గీత కింద పాత అంకె కనిపిస్తూనే ఉండాలి. కనిపించకపోతే యజమాని ఒప్పుకునేవాడు కాదు. సంవత్సరం తరువాత రైతు తన ప్రతి పట్టుకుని వస్తే, మన పుస్తకంలో ఆ నంబరే లేకపోతే ఎవరిది దొంగ లెక్క అవుతుంది? మనదే.

పాలమూరు మర్రి (మహబూబ్‌నగర్)

పెద్దాయన చెప్పింది నేను మొదటి రోజే చెప్పవలసిన మాట. తప్పు సరిదిద్దే తొందరలో అసలు ప్రశ్న వదిలేశాను.

దీన్ని కోడ్‌లో పెట్టడం కష్టం కాదు. పట్టీల పట్టికలో రద్దు సమయం, రద్దు చేసినవారు, కారణం అని మూడు కాలమ్‌లు చేర్చండి. మామూలుగా ఖాళీగా ఉంటాయి. రద్దు చేస్తే నిండుతాయి, వరుస ఎక్కడికీ పోదు. కష్టం మరోచోట ఉంది. రోజు మొత్తం, రైతు బాకీ, తరుగు లెక్క, ప్రతి ప్రశ్నలోనూ రద్దు కానివి మాత్రమే అని గుర్తుపెట్టుకుని రాయాలి. ఒక్కచోట మరిచినా రద్దయిన 32 మళ్లీ మొత్తంలో కలుస్తుంది. అందుకే రద్దు కాని పట్టీలకు డేటాబేస్‌లో ఒక వ్యూ (పట్టికలా వాడుకునే, దాచిపెట్టిన ప్రశ్న) చేసి, మొత్తాలన్నీ దాని నుంచే తీయండి.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)

అప్పుడు అభ్యర్థన డిలీట్‌గానే ఉండాలా? వరుస మిగిలే ఉంది కదా.

కోట గుమ్మం (గద్వాల)

వరుస మిగలడం అడ్డం కాదు. డిలీట్ ఆ చిరునామాకున్న ముడిని విప్పమంటుంది. వెనుక సమాచారం చెరిగిపోవాలని ఆర్‌ఎఫ్‌సీ కోరదు. తరువాత ఆ చిరునామా తెరిస్తే 404 కానీ, "ఉండేది, పోయింది" అనే 410 కానీ వస్తే డిలీట్ సరైన పేరే. ఇక్కడ పెద్దాయన కోరేది అది కాదు. /పట్టీలు/32 తెరిస్తే అడ్డగీతతో పట్టీ కనబడాలంటున్నారు. అంటే పట్టీ ఉంది, దాని స్థితి మారింది. అది డిలీట్ పని కాదు. /పట్టీలు/32/రద్దు అనే దారికి పోస్ట్ పంపడం న్యాయం.

కారణం రాయాలన్నది దీనికే బలం. డిలీట్ అభ్యర్థన వెనుక వివరం పంపితే దానికి ప్రమాణంలో స్థిరమైన అర్థం లేదు, మధ్యలోని కొన్ని సర్వర్లు అలాంటి అభ్యర్థనను తిప్పి పంపవచ్చు కూడా. పోస్ట్‌లో కారణం నిశ్చింతగా వెళ్తుంది.

వడ్లబస్తా (మిర్యాలగూడ)

డిలీట్‌ను పూర్తిగా వదిలేయనక్కరలేదు. కాంటా వేసి, పట్టీ ఇంకా రైతుకు ఇవ్వకముందు చిత్తు దశ ఒకటి ఉంటుంది కదా. అక్కడ తప్పు పడితే నిజంగా తొలగించండి. పట్టీ చేతికి వెళ్లాక రద్దే. తొలగించే వాక్యంలో "చిత్తు అయితేనే" అన్న షరతు పెట్టండి. ఇచ్చేసిన పట్టీకి డిలీట్ వస్తే 409 (ఇప్పటి స్థితికి పొసగదనే కోడ్) పంపి, రద్దు చేయమని చెప్పండి. అసలు నంబరును కూడా పట్టీ ఇచ్చేటప్పుడే కేటాయిస్తే వరుసలో ఖాళీలు రావు.

తోటబాట (నల్లగొండ)

నాలుగు రోజులు రాయలేకపోయాను. కాయ ఎక్కువగా వచ్చింది, పగలు కాంటా, రాత్రి కోడ్.

పెద్దాయన గారికి నమస్కారం. మా దడువాయికి మీ మాట చదివి వినిపించాను. ఇదే సంగతి నాకు మొదటి రోజే చెప్పాలనుకున్నాడట, కంప్యూటర్ పద్ధతి వేరుగా ఉంటుందేమోనని ఊరుకున్నాడట. నేనే ముందు ఆయన్ను అడిగి ఉండవలసింది.

ఇప్పుడు డిలీట్ చిత్తు పట్టీలకే. ఇచ్చినవాటికి రద్దు, కారణం రాయనిదే బటన్ పనిచేయదు. ఈసారి పరీక్ష ఒక్క పట్టీతో కాదు, ఐదు పట్టీలతో చేశాను. మొదటిది తొలగించాను, మధ్యది తొలగించాను, చివరిది తొలగించాను. ప్రతిసారీ మిగిలినవి ఏవో నంబర్లతో సహా సరిచూశాను. లేని 900 పంపితే 404, "32కిలోలు" పంపితే 400, ఇచ్చేసిన దానికి డిలీట్ పంపితే 409 వచ్చాయి. వేరే గుమాస్తా లాగిన్‌తో ప్రయత్నిస్తే 404. ఒకే తొలగింపును మూడుసార్లు పంపాను, మిగతా నాలుగూ అలాగే ఉన్నాయి.

తొలగించిన 32ను కాగితం చూసి మళ్లీ ఎక్కించి, నిన్న ఆ రైతును పిలిచి ఆయన ముందే రద్దు చేశాను. ఆయన ఫోనులో 31 మామూలుగా, 32 అడ్డగీతతో, పక్కన "రెండుసార్లు ఎక్కింది" అన్న మాటతో కనిపించాయి. 56, 57, 58 తూకాలను కాగితాలతో ఇంకోసారి పోల్చాం. ఆ ముగ్గురికీ ఈ ఉదయం డబ్బు అందింది.

పాత ఖాతా (దేవరకొండ)

కాగితాలు మాత్రం ఈ సీజన్ అయ్యేదాకా పారేయకు నాయనా.